స్టీరింగు లేని సెలవులు

మల్కాపురం జ్ఞానదాసు ఇరవై ఏళ్ళుగా పోర్టులో జీపు డ్రైవరు. డెబ్బై ఎనిమిది వేసవిలో భార్య కృపావతినీ, ఇద్దరు ఆడపిల్లలనీ సిలోను తీసుకెళ్ళాలనుకున్నాడు. సంగతి తెలిసి బావమరిది ఆనందకుమార్ తన అంబాసిడరు తాళాలు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"పాంబన్ వంతెన దాకా కార్లో ఎల్లిపో బావా. వంతెన రైల్లో దాటేసి రామేశ్వరంలో ఓడెక్కు. నీకంటే బాగా తోలీవోడు ఎవుడున్నాడు?"

జ్ఞానదాసు తాళాలు తిరిగి అతని చేతిలోనే పెట్టేశాడు. "నాను తోలను బావా. రైల్లోనే ఎల్తాం."

రైళ్ళ టైముల పుస్తకం ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాడు. మద్రాసు మెయిలు, అక్కణ్ణించి రామేశ్వరం రైలు, ఆపైన ఓడ, ఓడ దిగాక కొలంబోకి మళ్ళీ రైలు. అవన్నీ కాగితం మీద రాసుకుంటూంటే కృపావతి అడిగింది.

"ఊరికే వచ్చిన కారు వద్దన్నారేటండీ?"

"పెళ్ళిళ్ళకైనా, చర్చి పండగలకైనా బండి తోల్తా నాను ముందు, నువ్వు ఎనక. ఇన్నేళ్ళూ నిన్ను అద్దంలోనే సూసినాను. ఈసారి నీ పక్కన కూకుంటాను."

ఆమె నవ్వబోయి, తల దించుకుని ఆ కాగితాన్నే చదవసాగింది.

పాంబన్ వంతెన మీద రైలు నెమ్మదించింది. "నాన్నా, సముద్రం!" అంటూ పిల్లలు కిటికీకి అతుక్కుపోయారు. కృపావతి అతని భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. కిటికీవైపు తిరగాలంటే భుజం కదపాలి. ఆ సముద్రమేదో ఓడలో చూసుకోవచ్చులే అనుకుని, ఆమె ముఖమే చూస్తూ జ్ఞానదాసు వంతెన దాటేశాడు.