కొండకు తప్ప ఎక్కడికీ పోని కారు

మునిరత్నం, ముందు నీ మాటొకటి సరిచేయాలి. పోయిన నెల ఈ బ్లాగులో నా తలకోన ప్రయాణం కింద నువ్వు రాసిన వ్యాఖ్య ఇంకా అక్కడే ఉంది: "అత్తా, సెకండ్ హ్యాండ్ బండి కొనాలంటే కొండకు తప్ప ఎక్కడికీ పోనిది చూసి కళ్లు మూసుకొని కొనెయ్." నా తమ్ముడి కొడుకువి కదా అని అప్పుడు ఊరుకున్నాను. కళ్లు మూసుకొని చేయదగ్గ పనులు నా వయసులో రెండే మిగిలాయి, ధ్యానం, నిద్ర. మొదటిది మొదలుపెడితే రెండోదే అవుతుంది. కారు కొనడం వాటిలో లేదు. నువ్వు చెప్పినటువంటి బండి దగ్గరికే వెళ్లి, కళ్లు తెరిచి చూసి వచ్చాను. ఏం చూశానో నీకూ, ఇలాంటి బండి కోసం తిరగబోయే మిగతావాళ్లకూ చెబుతాను.

పాకాల దాటి లోపలికి వస్తే మా మామిడి తోట, తోటలోనే ఇల్లు. ఇంటికీ తారు రోడ్డుకూ మధ్య ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే. వానాకాలంలో మాత్రం దాని ఇష్టం. నా మనవరాలు చిన్నికి ఆరేళ్లు, ఉబ్బసం ఉంది. పోయిన వానల్లో ఒక సాయంత్రం దానికి ఊపిరాడక పెదవులు నీలంగా మారుతుంటే, నా కోడలు సుగుణ మా పాత కారులో వేసుకొని బయలుదేరింది. కారు వంక మధ్యలో తడి ఇసుకలో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, కారు దిగబడుతూనే ఉంది. సుగుణ పిల్లను భుజాన వేసుకొని మోకాటి లోతు నీళ్లలో దాటి రోడ్డెక్కి, పాలవ్యాను ఆపి పాకాల ఆసుపత్రికి చేర్చింది. పిల్ల దక్కింది. కానీ అప్పటినుంచి మబ్బు పట్టిందంటే మా ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. అవి రాకముందే ఇసుకలో నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి, ఇంటిల్లిపాదీ పట్టేది, అయిదు లక్షల లోపు, మా ఇంటికి రావాలి. మా అబ్బాయి భాస్కర్ మూడు నెలలుగా ఫోనులో కార్లు చూస్తున్నాడు. చూడటంలో వాడికి సాటి లేరు. అందుకని పిల్లను వాడికి అప్పగించి, అత్తాకోడళ్లం ఇద్దరం బయలుదేరాం.

పొద్దున ఏడింటికి పాకాలలో చిత్తూరు బస్సు ఎక్కాం. గంటలోపు ప్రయాణం. ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ మిగిలిన డబ్బుతో చిత్తూరు బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాం. వడ్డించినాయన మేం కార్లు చూడటానికి వచ్చామని విని, మగవాళ్లెవరూ రాలేదా అని అడిగాడు. ఒకరున్నారు, ఫోనులో ఉన్నారు అన్నాను. మొదటి బండి వేలూరు రోడ్డులో ఒక షెడ్డులో ఉంది. తమిళనాడు నంబరు. పైకి పెళ్లికొడుకులా మెరుస్తోంది, తలుపు తీయగానే సెంటు గుప్పుమంది. ఇంత సెంటు ఎందుకు కొట్టారని అడిగితే ఆ అబ్బాయి, "పూజ చేసినాం మా. రొంబ నీటుగా ఉండాది, లోపల సూడండి," అన్నాడు. లోపలే చూశాను. సీటు బెల్టును చివరిదాకా, ఇంక రాదన్నంత దాకా లాగాను. పైన నల్లగా నిగనిగలాడే బెల్టు చివరి జానెడు మేర ఎండిన బురద రంగులో ఉంది. వరద నీళ్లలో నిలబడిన బండిని ఎంత కడిగినా ఆ చివరి జానెడు ఎవరికీ గుర్తు రాదు.

"వానకు తడిసుంటాది మా," అన్నాడు.

"వాన పైనుంచి పడుతుంది నాయనా. ఇది కిందినుంచి ఎక్కింది."

తివాచీ కింద బూజు వాసన కూడా ఉంది. ఉబ్బసం పిల్లను అందులో కూర్చోబెట్టడం కంటే వంకలో నడిపించడం నయం. పది నిమిషాల్లో బయటపడ్డాం. ఆ అబ్బాయి మాత్రం మంచివాడు, బస్టాండుకు ఆటో తానే పిలిచాడు. మమ్మల్ని తొందరగా పంపించేయాలని కూడా కావచ్చు.

చిత్తూరు నుంచి తిరుపతికి గంటన్నర. అక్కడినుంచి తిరుచానూరుకు ఆటో. భాస్కర్ ఫోనులో చూసి పెట్టిన రెండో బండి అక్కడ ఒక లాడ్జి ముందు ఉంది. మునిరత్నం, నువ్వు కలగన్న బండి అదే. తెల్లగా, పసుపు కుంకుమలతో, ముందు నిమ్మకాయలు కట్టి, సీట్లమీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంది. సుగుణ లోపల కూర్చొని గట్టిగా ఊపిరి పీల్చి చూసింది. దుమ్ము లేదు, వాసన లేదు. దాని మొహం చూస్తే బేరం అయిపోయినట్టే అనిపించింది. లాడ్జి యజమాని పెద్దాయన, నుదుట నామం, తెల్లపంచె. పదేళ్లుగా బండి ఆయన చేతుల్లోనే ఉందట.

"కొండకు తప్ప యాడికీ పోలేదమ్మా ఈ బండి," అన్నాడు.

గేరు పక్కన, నాలుగు చక్రాలనూ కలిపి లాగించే చిన్న రాడ్డు ఎప్పుడైనా వాడారా అని అడిగాను. చాలామంది కొన్నాక దాన్ని ముట్టుకోరు, బిగుసుకుపోయి ఉంటుంది. నా అనుమానం అంతవరకే.

"వాడకుండానా? శనివారం శనివారం వాడేదే కదమ్మా. ఈడ బయలుదేరేటప్పుడే ఆ రాడ్డు ఏసుకుంటే, మళ్లా కొండ దిగి వచ్చినాకనే తీసేది. స్వామి కాడికి పోతా రెండు చక్రాలు ఊరికే పెట్టుకుంటే ఏం మర్యాద?"

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ఆ మాటతోనే నాకు సంగతి అర్థమైంది. చదివేవాళ్లకు ఇక్కడ ఒక పాఠం తప్పదు, చిన్నదే. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోతాయి. గేరు పక్కన చిన్న రాడ్డు ఉండే రకంలో, ఆ రాడ్డు వేస్తే ముందూ వెనకా ఒకే వేగంతో తిరిగేలా కట్టేసినట్టు అవుతుంది. ఇసుకలోనో బురదలోనో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. అప్పుడు తడి చీరను ఇద్దరు చెరో కొసా పట్టుకొని పిండినట్టు, లోపలి ఇనుము మెలిపడుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఎన్ని మలుపులో మీకు తెలుసు. ప్రతి శనివారం, పదేళ్లు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ చీరను పిండుతూనే వచ్చారు ఈ పెద్దాయన. (తేడాను బండే చూసుకునే రకాలు కూడా ఉన్నాయి. కొనేముందు మీది ఏ రకమో అడగండి.)

నా సంచిలో జాకెట్లు కొలిచే టేపు ఉంది. చక్రం నడిమధ్య నుంచి నేల దాకా నాలుగింటినీ కొలిచాను. నాలుగు చక్రాలూ కలిసి లాగాలంటే నాలుగూ ఒకే ఎత్తు ఉండాలి. వెనక రెండు కొత్త టైర్లు, ముందు రెండు పావు అంగుళం తక్కువ, అంచులు రంపంలా అరిగి ఉన్నాయి. ఈలోగా లాడ్జి వంటావిడ కాఫీ తెచ్చింది. టేపును కారు సైడు అద్దానికి తగిలించి గ్లాసు అందుకున్నాను. సుగుణను రాడ్డు వేసి ఆవరణలో రెండు చుట్లు తిప్పమన్నాను. సిమెంటు నేల మీద స్టీరింగు తిప్పడానికి దానికి రెండు చేతులూ చాల్లేదు. అడుగునుంచి రోట్లో రాయి పడ్డట్టు చప్పుడు. ఆపి రాడ్డు వెనక్కి తీయబోతే రాలేదు. బండిని కొంచెం వెనక్కి నడిపితేగాని వదల్లేదు. వంటావిడ నా పక్కనే నిలబడి చూసి, ఆ చప్పుడు శనివారాలు తెల్లవారుజామున తనకు అలారమని చెప్పింది.

పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనకు కోపం రాలేదు, అదే కష్టమనిపించింది.

"అయితే ఇన్నేండ్లు నేను చేసింది తప్పంటావా తల్లీ?"

"భక్తిలో తప్పు లేదండీ. గేరులో ఉంది."

ఆటో ఎక్కాక సుగుణ ఆ తెల్లకారు వైపే వెనక్కి తిరిగి చూస్తూ వచ్చింది. తిరుపతి బస్టాండులో పెరుగన్నం తింటూ అసలు సంగతి బయటపెట్టింది. ఇంత శుభ్రమైన బండి మళ్లీ దొరకదు, చిన్ని ఊపిరికి ఇదే సరైనది, మెకానిక్ చేత అడుగున ఉన్న ఆ గేరు పెట్టె విప్పించి బాగుచేయించుకుందాం అంది. దాని మాటలో న్యాయం లేకపోలేదు. కానీ బాగుపడిందో లేదో మనకు ఎక్కడ తెలుస్తుంది అని అడిగాను. జవాబు ఇద్దరికీ తెలుసు. వంకలో తెలుస్తుంది, పిల్ల వెనక సీట్లో ఉన్నప్పుడు. మిగిలిన అన్నం తిని శ్రీకాళహస్తి బస్సు ఎక్కాం. రేణిగుంట మీదుగా గంట పైన పట్టింది.

మూడో బండి ఫోటోలు చూసి భాస్కర్ వద్దన్నాడు. అందుకే చూడాలనుకున్నాను. యజమాని రాజేశ్వరి, యాభై ఏళ్లుంటాయి, కలంకారీ బట్టలు తయారుచేయిస్తుంది. పని పెరిగిందని పెద్ద వ్యాను కొని దీన్ని అమ్ముతోంది. బండి చూస్తే జాలేసింది. రెండు వైపులా ముళ్లకంప గీతలు, వెనక సీటు నిండా పసుపు, ఎరుపు, నలుపు మరకలు. తలుపు తీస్తే పులిసిన పాల వాసన. సుగుణ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"వాసన నేనే ముందు చెప్తా ఉండానక్కా, తర్వాత అనొద్దు," అంది రాజేశ్వరి. "బట్టను కరక్కాయలో, బర్రెపాలల్లో నానబెడతాం. అద్దకం అయినాక పారే నీళ్లల్లో ఉతకల్ల. ఏట్లో నీళ్లు యాడ పారతా ఉంటే ఆడిదాకా ఇసకలో పోవల్ల. అందుకే కొనింది ఈ బండి."

"రాడ్డు తారు రోడ్డు మీద వేస్తారా?"

"దేనికక్కా? ఇసకలో దిగినప్పుడు ఏస్తాం, గట్టెక్కినాక తీస్తాం."

ఆ రోజు నేను విన్న మాటల్లో అంత ఇంపైనది మరొకటి లేదు. టేపు కోసం సంచిలో చేయి పెడితే లేదు. తిరుచానూరులో అద్దానికే వేలాడుతోంది. రాజేశ్వరి బట్ట అంచు ఒకటి చించి ఇచ్చింది, దానికి ముడివేసి కొలిచాను. నాలుగు చక్రాలకూ ముడి ఒకేచోట వచ్చింది. తర్వాత అందరం స్వర్ణముఖి ఏట్లోకి దిగాం. సుగుణ నడుపుతుంటే ఇసుక మధ్యలో కావాలనే బండి ఆపించి నేను దిగాను. రెండు చక్రాలతో లాగమంటే వెనక చక్రాలు గుంట తవ్వుకొని దిగబడ్డాయి, అచ్చం మా వంకలోలాగే. సుగుణ స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుంది. అప్పుడు రాడ్డు వేయమన్నాను. ముందు చక్రాలు ఇసుకను పట్టుకున్నాయి, బండి ఒకసారి మూలిగి గుంటలోంచి లేచి నడిచింది. సుగుణ ఆపలేదు. ఏటి మధ్యలో పెద్ద చుట్టు తిరిగి, మళ్లీ అదే గుంటలోకి తానే దింపి, తానే ఎక్కించింది. గట్టు మీదికి వచ్చాక రాడ్డు వేలితో తోస్తే పక్కకు వచ్చింది.

దిగి నా దగ్గరికి వచ్చింది. కొంగు ముక్కు మీద లేదు.

"వాసన ఎండలో పెడితే పోతుంది అత్తమ్మా. ఆ పొద్దు చిన్నిని ఎత్తుకొని నీళ్లల్లో నిలబడినప్పుడు నాకు ఏ వాసనా తెలీలేదు."

బేరం నది ఒడ్డునే అయింది. తర్వాతి వారం పాకాల మెకానిక్‌ను తీసుకెళ్లి అడుగుభాగం చూపించి, కాగితాలు సరిచూసుకొని బండి తెచ్చుకున్నాం. సీట్లు విప్పి మామిడి చెట్ల కింద కాక, బయలు ఎండలో వేశాం. వాసన ముప్పాతిక పోయింది. మిగిలిన పావు వల్ల చిన్ని దానికి పెరుగు కారు అని పేరు పెట్టింది. వాసనకు దగ్గు వస్తుందేమోనని వారం రోజులు సుగుణ పిల్ల పక్కన కూర్చొని చూసింది, రాలేదు. మొన్న మొదటి వాన పడింది. వంకలో చీలమండల లోతు నీళ్లు వచ్చాయి. సుగుణ పిల్లను బడికి తీసుకెళ్లి తీసుకొచ్చింది. ఇంటికి వచ్చి వంట మొదలుపెట్టింది. చాలాకాలం తర్వాత మా ఇంట్లో వాన పడుతుండగా మనుషులు మామూలుగా మాట్లాడుకున్నారు.

ఒక బండిని ఎంత అపురూపంగా దాచుకున్నారని కాదు, ఏ పనికి పుట్టిందో ఆ పనిలో పెట్టారా అని చూడాలని ఆ రోజు అనిపించింది. మనుషుల విషయంలో కూడా నా అభిప్రాయం సుమారుగా ఇదే, కానీ అది ఈ ప్రయాణంలోకి రాదు. కొనబోయేవాళ్లకు నా సలహా ఒక్కటే. నాలుగు చక్రాల బండిని తారు మీద నడిపి కొనవద్దు, ఇసుకలోకి దింపి, ఇరికించి, బయటికి తీసి చూశాకే డబ్బు తీయండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే అదే జవాబు. ఇంకో మాట, వంక నిండుగా పారుతున్నప్పుడు ఏ బండీ మిమ్మల్ని దాటించదు. మా ఇంట్లో మందూ, ఆవిరి పట్టే మిషనూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

మునిరత్నం, నీకొక పని. ఆదివారం వచ్చేటప్పుడు తిరుచానూరు మీదుగా రా. ఆ లాడ్జి చిరునామా భాస్కర్ పంపిస్తాడు. తెల్లకారు సైడు అద్దానికి నా కొలత టేపు ఉంటుంది, పచ్చది, ఒక కొస చిరిగినది. పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పి, కొండకు రెండు చక్రాలతో వెళ్లినా స్వామి ఏమీ అనుకోడని చెప్పు. కాఫీ ఇస్తే తాగు. బండి చూపిస్తే చూడు. తాళం చేతికిస్తే మాత్రం పుచ్చుకోకు. టేపు చుట్టి జేబులో పెట్టుకొని వచ్చెయ్.