మున్నీబీ కట్టిన పార్సెళ్లు

హిందూపురంలో కొరియర్ కౌంటరు నడిపేవాడికి మనుషుల మీద భ్రమలు మిగలవు. ఎవరు ఎవరికి ఏం పంపుతున్నారో, ఎంత ఇష్టంగా పంపుతున్నారో పెట్టె చూస్తేనే తెలిసిపోతుంది. తల్లికి పంపే పెట్టెను ఏదో పాత దారంతో చుట్టేసి తెచ్చినవాడే, పై అధికారికి పంపే పెట్టెకు మూడు వరసలు టేపు వేయించుకుంటాడు. ఇన్నేళ్లలో నేను విసుక్కోకుండా, రెండు చేతులతో అందుకుని బల్ల మీద పెట్టిన పెట్టెలు ఒక్క మున్నీబీవే. ఆమె ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టింది. చిన్నప్పటి నుంచీ పట్టుపోగులు అతికిన వేళ్లు కాబట్టి, ఆమె వేసిన ముడి విప్పాలంటే కత్తెర పట్టుకోవాల్సిందే.

ఆమె భర్త సలాం వంటమాస్టరు. అతనిది పెనుకొండ. వాళ్ల నాయన పెళ్లిళ్లకు వండేవాడు, దర్గాలో ఉరుసు వచ్చిందంటే వంట డేగిసాల పక్కనే పడుకునేవాడు. సలాం ఆ పొయ్యిల దగ్గరే పెద్దవాడయ్యాడు. పెళ్లయ్యాక హిందూపురంలో కాపురం పెట్టి, చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి భోజనం బాగున్నా అది అతని చెయ్యే అనేంత పేరు తెచ్చుకున్నాడు. అలాంటివాణ్ని బెంగళూరులో ఒక టూర్ల కంపెనీ ఎత్తుకుపోయింది. యూరప్ చూడబోయే మనవాళ్ల సంగతి తెలిసిందే కదా. కొండలు చూస్తారు, మంచు చూస్తారు, మధ్యాహ్నానికి పప్పూ చారూ లేకపోతే మాత్రం కొండల్నీ మంచునీ కలిపి తిడతారు. అందుకని వాళ్ల బస్సు వెనకాల ఒక వంట వ్యాను, ఆ వ్యానులో సలాం. ఎండలు ముదిరే ముందు పోతే చలి మొదలయ్యాకే తిరిగి వచ్చేది. రోజుకో ఊరు, ఊరికో హోటలు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు సలాం మంచం పట్టి లేచాడు. టూర్లు మళ్లీ మొదలయ్యాక అక్కడి నుంచి మున్నీబీకి ఫోన్ చేసి, కంపెనీ ఇచ్చే పొడులు బాగా లేవు, ఇంటి పొడులు పంపించమన్నాడు. అప్పటిదాకా తన మసాలా ఇంకొకరిని ముట్టనివ్వని మనిషి. అలాంటివాడు పెళ్లాం చేతి పొడి అడిగేసరికి మున్నీబీకి కాళ్లు నేల మీద నిలవలేదు. ధనియాలు, మెంతులు, ఎండుమిరపకాయలు వేయించి, పొడి కొట్టించి, చెనిక్కాయల పొడి వేరే డబ్బాలో పెట్టి, పాత నూలు చీర ముక్కలో చుట్టి తెచ్చింది.

మొదటి పార్సెల్ మాత్రం నవ్వులపాలైంది. "పేరేం రాయమంటావమ్మా?" అని అడిగితే, "పెనుకొండ సలాం అని రాయి శీనన్నా, ఎవురైనా చెప్తారు" అంది. ఇక్కడ ఎవరైనా చెబుతారు, నిజమే. ఆస్ట్రియాలో ఎవడు చెబుతాడు? హోటల్లో గదులన్నీ కంపెనీ పేరు మీద ఉంటాయి. పెనుకొండ సలాం అనేవాడు మా దగ్గర దిగలేదని వాళ్లు పెట్టెను వెనక్కి పంపేశారు. తర్వాత తెలిసింది, వెనక్కి పంపేముందు ఒక రాత్రి ఆ హోటల్లోనే, పైకప్పు ఒకటే అయినా, సలాం కింది అంతస్తులో పడుకున్నాడు, పెట్టె పై అంతస్తులో బీరువాలో పడుకుంది. అది తిరిగి నా కౌంటరుకు వచ్చిన రోజు మున్నీబీ దాన్ని ఒళ్లో పెట్టుకుని, "నాకంటే ముందు ఇదే దేశాలు తిరిగొచ్చిందే!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తర్వాత పద్ధతి నేర్చుకున్నాం. బస్సు రెండు మూడు రోజులు ఆగే ఊరు చూసుకోవాలి. హోటలు పేరు కింద కంపెనీ పేరు, గుంపు దిగే తేదీ, ఆ కిందే సలాం పేరు. బస్సు కంటే పెట్టె ముందు చేరాలి. చేరిందని నా కంప్యూటరులో కనబడేదాకా మున్నీబీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి నా ప్రాణం తీసేది. పెట్టె విప్పగానే సలాం ఫోన్ చేస్తాడు. "డబ్బా మూత తీసినాను మున్నీ, రూమంతా మన ఇంటి వాసన" అంటాడు. ప్రతిసారీ అదే మాట. మున్నీబీ ఆ మాటను నాకు తెచ్చి చెప్పేది, పక్క అంగడి వాళ్లకు చెప్పేది, అనంతపురం హాస్టల్లో చదువుకునే కూతురు రిహానాకు ఫోన్ చేసి చెప్పేది. ఆ ఒక్క మాటకోసమే ఆమె పొడి కొట్టించేదని నా అనుమానం.

కానీ టూరు ముగించుకుని మనిషి ఇంటికి వచ్చాక కథ మరోలా ఉండేది. వారం గడవకముందే సలాం కంపెనీకి ఫోన్లు మొదలుపెట్టేవాడు. ఇంకో టూరు ఉందా, దుబాయికైనా సరే, సింగపూరుకైనా సరే. వీధిలో వాళ్లు ఊరుకుంటారా? "ఏమప్పా సలాం, ఆడ దొరసాని ఎవురైనా రుబ్బురోలు కొనిచ్చిందా?" అని అడిగేవాళ్లు. అతను నవ్వేవాడు. మున్నీబీ కూడా నలుగురిలో నవ్వేది. ఆమెకు బస్టాండు దగ్గర ఒక గది దొరికింది, అందులో చిన్న మెస్సు పెట్టుకుని మొగుడితో కలిసి బతకాలని ఆమె కోరిక. అంతకంటే ఆమె దేవుణ్ని ఏమీ అడగలేదు. రెండేళ్లుగా ఆ గది ముందు నుంచి ఇద్దరూ నడిచిపోతున్నారు గానీ, సలాం లోపలికి తొంగి చూసిందే లేదు.

ఒకసారి పార్సెల్ తూకం వేస్తుంటే తనే చెప్పింది. "ఇంట్లో ఉన్నాడంటే ముండ్ల మీద కూచున్నట్ల కూచుంటాడన్నా. కంచం పెడితే ఎవురింటికో వచ్చినట్ల తింటాడు. నేనేం తక్కువ చేసినానో చెప్పడు. పోతానంటే మాత్రం మొగం తేటగా అయితాది." నేను మాట మార్చడానికి టేపు గట్టిగా లాగాను.

మొన్నటి ఎండాకాలంలో ఒక పార్సెల్ హడావిడిగా పోయింది. పిండి మర మా పక్క సందులోనే ఉంది. మున్నీబీ సాంబారు పొడి కొట్టించుకుని వేడి వేడిగానే నేరుగా నా దగ్గరికి తెచ్చింది. నా పార్సెళ్లు తీసుకుపోయే వ్యాను వచ్చే వేళయింది. సగం ఒక డబ్బాలో పోసి మూత బిగించి పెట్టెలో పెట్టి సీలు వేశాను, మిగతా సగం ఆమె ఇంకో డబ్బాలో ఇంటికి తీసుకుపోయింది. ఆ వేళ కౌంటరంతా సీకాయ వాసన. మర దగ్గర మిరప ఘాటుకు తుమ్మి తుమ్మి వచ్చిన మున్నీబీకి అదేమీ తెలియలేదు. శుక్రవారం కదా, ఆమె తలంటుకుని వచ్చిందనుకున్నాను. పరాయి ఆడమనిషి తలంటు గురించి అడిగేంత పెద్దరికం నాకు లేదు.

అసలు సంగతి ఆమెకు వారం తర్వాత తెలిసింది. ఇంట్లో చారు కాస్తే గిన్నె నిండా నురగ వచ్చిందట. వాసన చూస్తే అచ్చం స్నానాల గదిలా ఉందట. ఆమె కంటే ముందు మరలో ఎవరో సీకాయ ఆడించుకుని పోయారు, మరవాడు తుడవకుండానే ఈమె ధనియాలు పోశాడు. మున్నీబీ ఫోన్ మీద ఫోన్ చేసింది. ఆ పొడి వేసి బస్సు నిండా జనానికి సాంబారు పోస్తే సలాం ఉద్యోగం ఏమయ్యేట్టు? వంటపనిలో ఉన్న మనిషి ఫోన్ ఎత్తడు. తీరా అతనే చేశాడు. ఈమె నోరు తెరిచేలోపలే ఎప్పటిలాగే అన్నాడు.

"ఇప్పుడే మూత తీసినాను మున్నీ. రూమంతా మన ఇంటి వాసన."

మున్నీబీ తన దగ్గరున్న డబ్బా మూత తీసి మళ్లీ ఒకసారి వాసన చూసింది. "ఏమేం వాసన వస్తాండాది?" అని అడిగింది.

"ఏముండాది, మెంతులు, ధనియాలు, నువ్వు దోరగా వేయించిన మిరపకాయలు" అని అప్పజెప్పినట్టు చెప్పాడు సలాం.

ఆమె సీకాయ మాట ఎత్తలేదు. పొడికి పురుగు పట్టింది, పారేయ్, కంపెనీ పొడే వాడు అని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేసింది. మర్నాడు నా కౌంటరు ముందు కూర్చుని ఇదంతా చెప్పింది. "జరమొచ్చినప్పటి నుంచి ఆయప్పకు వాసన తెలీదన్నా. మళ్లా వచ్చేసిందని నాకు అబద్ధం చెప్పినాడు. అందుకే నా పొడులు అడిగినాడు, తను కలిపితే యాడ తప్పు పోతాదో అని. ఇన్ని పార్సెళ్లు పంపితిని, ఒక్కటన్నా వాసన చూడలేదు ఆ మనిషి." మొదట కోపంగానే మొదలుపెట్టింది. ఆఖరి మాట దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేసింది. నాకు సలాం మీద కోపం రాలేదు. దేశం కాని దేశంలో గది తలుపు వేసుకుని, పెళ్లాం పంపిన డబ్బాలో ముఖం పెట్టి, ఏమీ తెలియక, ఫోన్ అందుకుని అంత చక్కగా అబద్ధం చెప్పిన మనిషిని ఏమని తిడతాం?

తర్వాతి పార్సెల్ తెచ్చినప్పుడు ఎప్పటిలాగే లోపల ఏమున్నాయో అడిగాను. పొడులు లేవు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన సల్ల మిరపకాయలు, ఉండలు చేసిన చింతకాయ తొక్కు, కరకరమనేట్టు కాల్చిన సజ్జ రొట్టెలు, వేయించిన చెనిక్కాయలు. "ముక్కుతో పన్లేనివి చూసి చూసి పెట్టినానన్నా" అంది. పైన ఎప్పటిలాగే ఇంటి వాసన పట్టిన తన చీర ముక్క చుట్టబోయి, ఆగి, తీసేసి, చేతిసంచిలో పెట్టుకుంది. ఆ పని చూడలేక నేను రసీదు రాసే నెపంతో తల వంచుకున్నాను.

పెట్టె చేరినట్టు కంప్యూటరులో కనబడిన మరునాడు ఆమె నా దగ్గరే ఉంది. ఫోన్ మోగింది. మున్నీబీకి స్పీకరులో పెట్టుకుని మాట్లాడడం అలవాటు. ఆ అలవాటు మీద నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ రోజు విసుక్కోలేదు.

సలాం వాసన మాట ఎత్తలేదు. నోట్లో ఏదో నములుతున్న చప్పుడు వినబడింది, కారానికి ముక్కు ఎగబీల్చాడు.

"నీకెట్ల తెలిసింది మున్నీ?"

"తెలిసిందిలే. నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తే పొడులు పంపవేమో అనుకున్యా."

"అదేం మాటయ్యా! ఇంటికొచ్చినప్పుడన్నా చెప్పచ్చు కదా. ఇంట్లో నాలుగు నాళ్లు నిలవకుండా పారిపోతాంటివి. నేనంటే మొగం మొత్తిందేమో అనుకున్యాను నేను."

అవతల నమలడం ఆగింది.

"ఇంటికొస్తేనే కష్టం మున్నీ. ఈడ ఏ వాసనా లేకపోతే, పరదేశం కదా, ఇంతే అనుకుంటా. మన ఇంట్లో గూడ లేకపోతే ఏమనుకోవల్ల? తలుపు తీసుకుని లోపలికొస్తే మన ఇల్లు కానట్ల ఉంటాది. నీ పక్కన పండుకుంటే ఎవురి పక్కనో పండుకున్నట్ల ఉంటాది. భయమేస్తాది. అందుకే యాడికైనా పోదామని పారిపోతాంటి. పోయినాక, ఇల్లు ఆడ ఇంకా ఉండాది, తిరిగి పోతే ఉంటాది అనిపిస్తాది."

కౌంటరు ముందు ఇద్దరు పెట్టెలతో నిలబడి ఉన్నారు. వాళ్లను అరగంట ఆగి రమ్మని పంపించేశాను. వ్యాపారం ఎక్కడికీ పోదు. ఇంతకాలం ఆ మనిషిని విదేశాల పిచ్చి పట్టినవాడని వీధి వీధంతా ఎకసెక్కాలు ఆడిందే, అందులో నా గొంతు కూడా ఉందే అని మాత్రం అనుకున్నాను.

మున్నీబీ ఏడవలేదు. బిడ్డకు అన్నం కలిపేటప్పుడు మాట్లాడినట్టు, తొందర లేకుండా మాట్లాడింది. "ఈ టూరు అయిపోనీ. వచ్చేయి. బస్టాండు కాడ గది ఇంకా ఖాళీగానే ఉండాది. నువ్వు చెయ్యి పెట్టు, నేను ముక్కు పెడతా. పోపు మాడితే నేను చెప్తా. ఇంట్లో గూడ నేనే చెప్తా, ఏమేం వాసన వస్తాందో. నువ్వు ఊరికే వినుకో."

"ఇప్పుడు చెప్పు" అన్నాడు సలాం.

"ఇప్పుడా? శీనన్న అంగట్లో ఉండానయ్యా. టేపు జిగురు వాసన. అట్టపెట్టెల వాసన. ఎదురుగా హోటల్లో మిరపకాయ బజ్జీలు వేస్తాండారు, నూనె పాతది."

"అవి కాదు. నీ దగ్గర ఏం వాసన వస్తాండాది?"

మున్నీబీ నా వైపు చూసింది. నేను లేచి అంగడి మెట్ల మీదికి వచ్చేశాను. వచ్చినా వినబడుతూనే ఉంది, స్పీకరు కదా. ఆమె ఉత్తుత్తిగా చెప్పలేదు. కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూసుకుని, నిజమే చెప్పింది.

"ఏముంటాది? చెమట. పొద్దున కోసిన ఎర్రగడ్డ. తలకు పూసుకున్న కొబ్బరినూనె."

స్పీకరులో సలాం గట్టిగా గాలి పీల్చిన చప్పుడు వినబడింది.

"ఇంగోసారి చెప్పు మున్నీ" అన్నాడు సలాం.

ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకా నిదానంగా చెప్పింది.