గడిచేప

పెళ్ళయ్యేదాకా నాకు ఆ చేప అసలు పేరు తెలియదు. మా ఊళ్ళో దాన్ని గడిచేప అనేవాళ్ళం. మా బాపు అనేవాడు, అమ్మ అనేది, చెరువు కట్ట మీద కూర్చుని వలలు అల్లే ముసలివాళ్ళంతా అనేవాళ్ళు. జెల్ల జెల్లే, పరక పరకే, గడిచేప గడిచేపే. మా ఊరి దొర ఉండే గడిలోకి పోయే ఆ చేపకు పుట్టుకతోనే ఆ పేరు వచ్చిందనుకున్నాను.

మా చెరువు అచ్చంపేట వైపు రెండు గుట్టల నడుమ ఉండేది. ఎండాకాలం అంచులన్నీ నెర్రెలు వాసినా నడిమి మడుగు మాత్రం ఎండేది కాదు. నల్లటి నీళ్ళు, అంతు పట్టని లోతు. ఎండిన సొరకాయ బుర్రలు కట్టిన తెప్ప మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ బాపు అక్కడికి పోయేవాడు. గడిచేప గాలి పీల్చుకోవడానికి బుడుంగుమని పైకి వచ్చేది. అది వలలో పడగానే బాపు అక్కణ్ణుంచే గొంతెత్తి "గడిచేప పడ్డదీ!" అని కేక వేయాలి. కట్ట మీద గడి మనిషి నీళ్ళ కుండతో కాచుకుని ఉండేవాడు. చేప ప్రాణంతోనే ఆ కుండలో గడికి పోయేది. వెనకాలే మా అమ్మ పోయేది, బూడిదతో రుద్ది, పొలుసు తీసి, కడిగి ఇచ్చి రావడానికి. అదంతా వెట్టి. మాకు మిగిలేవి పరకలు. వాటికి కండకంటే ముళ్ళే ఎక్కువ. అమ్మ ప్రతి ముద్దనూ వేళ్ళతో నలిపి, ముళ్ళు ఏరి మాకు పెట్టి, చివరికి ఆ ముళ్ళనే తాను చీక్కునేది.

నన్ను కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. ఆ ఏటి మీద ఏ దొర పెత్తనమూ నడిచేది కాదు. కొత్తలో ఒకరోజు మా అత్త నా పళ్ళెంలో చేప ముక్క వేయబోతే చేయి అడ్డం పెట్టాను.

"నేను తినొద్దత్తమ్మా. గిది గడిచేప."

"గడిచేపేందే? కొర్రమట్ట గదా!"

అత్తా ఆడబిడ్డలూ కడుపు పట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ముక్క నోట్లో పెట్టుకున్నాక మాత్రం సిగ్గు పోయి కోపం వచ్చింది. మా బాపు పట్టాడు, మా అమ్మ కడిగింది, దాని పేరు కూడా మాకు మిగల్చకుండా గడివాళ్ళు తిన్నారు. ఆ కోపం నేను తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చేనాటికి కూడా చల్లారలేదు.

అప్పుడే మిరుగం, మృగశిర కార్తె, వచ్చింది. ఆ కార్తె మొదలైన రోజు ఎంత లేనివాళ్ళయినా చేప తినాలి. గడి నిండా చుట్టాలుంటారు కాబట్టి మంచి చేపలన్నీ అటే పోతాయి. ముందురోజు బాపు వల సర్దుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"బాపూ, నాకు కొర్రమట్ట తినాలనున్నది."

పేరు వినగానే బాపు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. అంటే ఆయనకు తెలుసు.

"గడిచేప మనకెట్లొస్తది బిడ్డా?"

"కడుపుతోనున్నదాని కోరిక తీర్చకుంటే పుట్టేటోళ్ళ చెవులల్ల చీము కారుతదంటరు గదా. ఇగ నీ ఇష్టం."

మా పల్లెలో ఆ మాటకు ఎదురు లేదు. అసలు నాకు కోరికా లేదు, గీరికా లేదు. అత్తగారింట్లో తృప్తిగానే తిన్నాను. నాకు కావలసింది ఒక్కటే, ఆ ముక్క మా అమ్మ నోట్లో పడాలి. ఆ మాటే చెబితే బాపు భయపడతాడు, అమ్మ అసలే ఒప్పుకోదు. అందుకని పుట్టబోయే బిడ్డను ముందుకు తోశాను.

తెల్లవారి నేనూ కట్ట మీదికి పోయాను. గడి మనిషి కుండతో ఉన్నాడు. బాపు మడుగు మీద వల లాగుతున్నాడు. వల బరువుగా వచ్చింది, నీళ్ళు ఎగిరిపడ్డాయి. అలవాటైన కేక కోసం కట్ట మీద అందరమూ చూస్తున్నాం. బాపు వల పట్టుకుని కట్ట మీదున్న నా వైపు చూశాడు.

"కొర్రమట్ట పడ్డదీ!"

రెండు గుట్టలూ ఆ పేరును తిరిగి పలికాయి.

తెప్ప ఒడ్డుకు చేరగానే గడి మనిషి మీదికి వచ్చాడు. "ఏమన్నవ్ రా?"

"కొర్రమట్ట అన్న. నా బిడ్డ అడిగింది. ఇయ్యాల ఇది మా ఇంటికి" అన్నాడు బాపు.

నేను చేపను బాపు చేతిలోంచి లాక్కుని కొంగులో వేసుకున్నాను. అది నా కడుపు మీద టపటపా కొట్టుకుంటోంది.

"గుంజుకుంటవా? కడుపుతోనున్నదాని కొంగుల చెయ్యి వెట్టు, సూద్దాం."

మా ఆడవాళ్ళంతా వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. వాడు చేయి పెట్టలేదు. "దొర మీ సంగతి సూస్తడు" అని ఖాళీ కుండ ఎత్తుకుని పోయాడు.

చూడనే చూశాడు. గడి నుంచి మనుషులు వచ్చేసరికి కూర మా కుండలో ఉడుకుతోంది. మా కుండలో ఉడికింది దొరలు తినరు. వాళ్ళ అంటు ఆ ఒక్కరోజు మాకు పనికొచ్చింది. దాంతో వలలు మూటకట్టుకుని, బాపును ముందు పెట్టుకుని పోయారు. పొద్దు గూకేదాకా గడి వాకిట్లో వంగోబెట్టి వీపు మీద రాయి ఎత్తారు. ఆ రాయిని మోయని వీపు మా ఊళ్ళో లేదు. కొర్రమట్ట ఇంటికి తెచ్చుకుని మోసిన వీపు మాత్రం మా బాపుదే.

అమ్మ కూర దించి, మూత పెట్టి, గడపలో కూర్చుంది. దీపాల వేళకు బాపు నడుం పట్టుకుని వచ్చి, కాళ్ళు కడుక్కుని, "పెట్టు" అన్నాడు. అమ్మ మొదటి ముక్క నా పళ్ళెంలో వేయబోయింది. నేను పళ్ళెం ఆమె ముందుకు జరిపాను.

"నువ్వు తిను."

"కోరిక నీది గదనే!"

"నా కోరిక గిదే."

అమ్మ నన్ను చూసింది, బాపును చూసింది. ముద్ద కలిపి, వేళ్ళతో నలిపి ముల్లు కోసం వెతికింది. దొరకలేదు. మళ్ళీ నలిపింది. అప్పుడు నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ముండ్లే లేవు గదనే దీంట్ల" అంది. కాసేపటికి ఆమె మొహం ఎర్రబడింది. "గిన్నేండ్లు కడిగిచ్చిన గదనే వాళ్ళకు!"

తర్వాత బాపు వైపు తిరిగింది. "రేపు మల్ల పో."

"వల లేదు గదనే."

"గాలం ఉన్నది గదా" అంటూ అమ్మ ఇంకో ముక్క తీసుకుంది. ఈసారి ముల్లు కోసం వెతకలేదు.