అత్త ఇల్లెక్కడని అడిగారు

ఆ రోజుల్లో రాయచూరులో డిగ్రీ పాసైన ఆడపిల్ల ఇంట్లో ఉంటే వీధిలోని తగాదాలన్నీ ఆ పిల్ల ముందుకే వచ్చేవి. నేను చదివింది చరిత్ర. అయినా అన్నింటికీ తీర్పు చెప్పేదాన్ని (అడగకపోయినా చెప్పేదాన్ని, అది వేరే సంగతి). మా మేనత్త పోయినప్పుడూ అంతే. మా జిల్లాలోనే ఉన్న జాలహళ్ళిలో తన చేతి గాజులు అమ్మి కొనుక్కున్న ఒంటిగది ఇల్లు ఆమె వీలునామాలో నాకు రాసింది. దినాలు కాకముందే ఆమె మరిది ఆ గదికి తన తాళం వేశాడు. తాళం తీయించాలంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఒప్పుకోవాలి, దాన్నే ప్రొబేటు అంటారట. ఏ కోర్టు? "అత్త పాణం పోయింది హైదరాబాదు దవాఖానల. కేసు గూడ గాడనే" అని తేల్చేశాను. నాన్న వెంటనే తలూపాడు. నిజాం పోయి, మా జిల్లా కర్ణాటకలో కలిసి ఎన్నేళ్ళయినా ఆయనకు పెద్ద కోర్టు కచేరీ అంటే హైదరాబాదే, బెంగళూరు ఇంకా పరాయి దేశమే.

బస్సులో నడుములు విరగ్గొట్టుకుని పోతే, అక్కడి ముసలి వకీలు కళ్ళద్దాలు తుడుచుకుంటూ నవ్వాడు. "బేటీ, ఊపిరి ఎక్కడ పోయిందో కానూనుకు అక్కర లేదు. పోయేనాటికి ఆమె కాపురం ఎక్కడ, ఆస్తి ఎక్కడ? ఆ జిల్లా కోర్టుల వేయాలె. ఈడ వేస్తే మరిది 'ఈ కోర్టుకు హక్కే లేదు' అంటడు. ఏండ్లు తిరిగినంక కాగితాలు వాపసిస్తరు. అప్పటికి ఆ గదిల ఆయన మనుమలు ఆడుకుంటుంటరు." నేను వాదించాను. ఆయన ఓపిగ్గా విని, "సరే, మీ అత్త ఎప్పుడూ కాయంగ ఉండే ఇల్లు ఏది?" అన్నాడు.

నేను నాన్న వైపు చూశాను. జవాబు ఇంకొకరికి వదిలేయడం జీవితంలో అదే మొదటిసారి. నాన్న తన చెప్పులకేసి చూసుకున్నాడు. చిన్నవయసులోనే భర్త పోయిన అత్త, ఎవరింట్లో కాన్పయితే వాళ్ళింట్లో ఉండేది. సిరవారలో పెదనాన్న కోడలికి పథ్యం వండి, మా ఇంట్లో పచ్చళ్ళు పెట్టి, మళ్ళీ సంచి పట్టుకుని ఇంకెక్కడికో. ఆమె "నా గదికి పోత" అన్నప్పుడల్లా "ఒక్కదానివే ఎట్లుంటవ్, లోకం ఏమంటది" అని నాన్నే ఆ సంచి లాక్కుని లోపల పెట్టేవాడు.

"ఇల్లు లేదు సాబ్ ఆమెకు," అన్నాడు నాన్న చివరికి.

"గది ఉన్నది గదా. అది రాయచూరు జిల్లలనే గదా. కోర్టుకు ఆ గది చాలు."

ఆ జిల్లా కోర్టు మా ఇంటి నుంచి కేకేస్తే వినబడేంత దూరం! అక్కడే వేశాం. విచారణనాడు వీలునామా పైకి చదివారు. "నా మేనకోడలి నోరు ఏ ఇంట్లనూ ఇమడదు. తగువైన దినం పోయి కూసోనీకి దానికొక తలుపుండాలె." హాలంతా నవ్వింది, మరిదితో సహా. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే అత్త సంచి కళ్ళముందుకొచ్చింది, మొహానికి అడ్డం పెట్టుకున్న కొంగు ఇక తీయలేదు.

గది నాకే దక్కింది. పెళ్ళయిన ఇన్నేళ్ళూ మా ఆయనతో తగువైనప్పుడల్లా ఆ తాళంచెవి గలగలలాడిస్తాను. "జాలహళ్ళి బస్సు పోతది, జల్ది పో" అంటాడాయన. పోను. పోవడానికి చోటుంది కనుకే ఉండి వాదిస్తాను. ఏడాదికోసారి మాత్రం సంచి పట్టుకుని నిజంగానే బయల్దేరతాను. ఎవరూ లాక్కోరు. గది ఊడ్చి, తలుపు బార్లా తెరిచి, గడప మీద కూర్చుని "ఇదేనే అత్తా నీ ఇల్లు" అని పైకే అంటాను.

"ఎవరితోనక్కా లొల్లి?" అని పక్కింటామె తొంగిచూస్తుంది.

"హైదరాబాదుల కేసు వేస్తనన్న ఒక పిల్లతోని," అంటాను.