మూడో ప్రకటన

మా సంఘంలో నా అంత బాగా ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు. అది నా మాట కాదు, ఉప్పల్‌లో మా చర్చికి వచ్చే ఆడవాళ్లందరి మాట. మా అమ్మకైతే అదొక గర్వం.

ఎండాకాలం చర్చిలో మూడు రోజులు ప్రార్థన కూటాలు పెట్టేవాళ్లు. ఆఖరి రోజు బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు "దాచుకున్న పాపం ఎవరికన్నా ఉంటే ముందుకు రండి" అనేవాడు. నేను మొదటిసారి వెళ్లింది పన్నెండో ఏట. నాతో పాటల పుస్తకం పంచుకునే అమ్మాయి మోచెయ్యి నాకు తగిలితే పాట మరిచిపోయేదాన్ని. అదే నా పాపం. దానికొక పేరుందని అప్పటికి తెలీదు, నరకం గురించి మాత్రం బాగా తెలుసు. మోకాళ్ల మీద పడి "దేవా, నన్ను మార్చు" అని వెక్కి వెక్కి ఏడ్చాను. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాను. ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా ఒక్క ఏడూ తప్పలేదు. అన్నేళ్లు ఒకే అర్జీ పట్టుకుని తిరిగితే ఏ ఆఫీసులోనైనా కుదరదని చెప్పి పంపిస్తారు. నాకు ఆ మాట కూడా రాలేదు.

జనానికి నా ఏడుపే కనిపించేది. "మీ బిడ్డకు మస్తు భక్తి అక్కా" అనేవాళ్లు. అమ్మ తల మీది కొంగు సర్దుకుని "అంతా ప్రభువు దయ" అనేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నన్నే లేపి ప్రార్థన చేయించేవాళ్లు. నేను గొంతెత్తితే చాలు, మాట మాటకీ హాలంతా ఆమెన్ అనేది.

చివరికి ఆ ఏడుపే నాకు సంబంధం తెచ్చిపెట్టింది. అబ్బాయిది రైల్వేలో ఉద్యోగం, వాళ్లది మల్లాపూర్ వైపు సంఘం. వాళ్లమ్మ కూటాల్లో నన్ను చూసి, "గింత మంచిగ ప్రార్థన జేసే పిల్ల మా ఇంట్ల ఉంటే సాలు, ఇంకేం అడగం" అందట. నవ్వాలో చావాలో అర్థం కాలేదు. నేనప్పుడు నాచారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. బెల్టు మీద వచ్చే మాత్రల్లో విరిగినవి ఏరి పక్కన పడేయడం నా పని. ఆ వారమంతా విరిగిన మాత్రలు చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్లకు దేవుడిచ్చిన జవాబు ఇదేనేమో అనుకుని సరేనన్నాను.

అబ్బాయి చెడ్డవాడైనా బాగుండేది. రోజూ పొద్దున్నే ఫోన్‌కి ఒక బైబిల్ వాక్యం పంపేవాడు. ఒకసారి ఫోన్ చేసి, "మీకు చేపల వాసన పడ్తదా? మా ఇంట్ల ఎక్కువ వండుతరు. పడకుంటే అమ్మకు ముందే చెప్త" అన్నాడు. ఫోన్ పెట్టేసి, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం ఎవరికీ వినిపించనివ్వలేదు.

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఇద్దరి పేర్లూ చెప్పి, ఈ పెళ్లికి అభ్యంతరం తెలిసినవాళ్లుంటే లేచి చెప్పమంటారు. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్నాను. ఒక్కరూ లేచిన పాపాన పోలేదు.

మొదటి ఆదివారం నా పేరు చదివారు. ఇంటికొచ్చేసరికి ఇక ఆగలేకపోయాను. అమ్మ వంటింట్లో చికెన్ కడుగుతోంది.

"అమ్మా, నాకు మగవాళ్ల మీద మనసు పోదు. ఆడపిల్లల మీదనే పోతది. చిన్నప్పటి సంది గంతే. నేను ఏడ్సింది గందుకే."

అమ్మ కుళాయి కట్టేయలేదు. గిన్నె నిండి నీళ్లు పొర్లుతున్నాయి.

"ఎవ్వరికన్న జెప్పినవా?" అంది. అదే మొదటి మాట. లేదన్నాను. "చెప్పకు. పెండ్లయితే అదే పోతది."

తడి చేత్తోనే ప్రార్థన నూనె సీసా తెచ్చి నా నడినెత్తిన పోసి, తల గట్టిగా పట్టుకుని ప్రార్థించింది. నూనె చెవుల మీదుగా కారింది. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది, అచ్చం నాలాగే. తర్వాత నా ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. కంపెనీకి పెళ్లి సెలవని తనే చెప్పింది. ఇంట్లోంచి చర్చికి తప్ప మరెక్కడికీ పంపలేదు.

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారి గదిలోకి వెళ్లాను. ఆయన తెల్ల అంగీ విప్పుతున్నారు. "ఈ పెళ్లికి నాకే అభ్యంతరం ఉంది అయ్యగారూ" అని మొత్తం చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"అభ్యంతరమంటే ముందే పెండ్లయి ఉండాలె, లేకుంటే వావివరస తప్పాలె. ఇది అభ్యంతరం కాదు బిడ్డా, సైతాను పెట్టే శోధన. ప్రార్థన జేసే పిల్లవు నువ్వు. ఇంకింత ప్రార్థన జెయ్యి."

ఇంకింత! ఒళ్లు మండిపోయింది. ఇంకింత చేయడానికి నాలో ఏం మిగిలిందని? ఆ వారం చచ్చిపోవాలనుకున్నాను. అదీ పాపమే కదా అని ఆగిపోయాను. నన్ను బతకనివ్వనిదీ చావనివ్వనిదీ ఒకటే పుస్తకం.

మూడో ఆదివారం అమ్మ నన్ను ఆడవాళ్ల వైపు బెంచీలో గోడ పక్కన కూర్చోబెట్టి, నా కొంగు తన గుప్పిట్లో పట్టుకుంది. ఆఖరి ప్రకటన వినడానికి మా చర్చికి వచ్చిన అబ్బాయి, మగవాళ్ల వైపు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అయ్యగారు ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవలెను అన్నారు.

లేచాను. కొంగు బిగిసింది. పిన్ను ఊడి భుజంలో గుచ్చుకుంది. అయ్యగారు నన్ను చూశారు. వెంటనే మైకులో, "మన సహోదరి సంతోషంతోని కృతజ్ఞతా ప్రార్థన చేస్తది. అందరం తలలు వంచుదాం" అన్నారు.

అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఎంత తెలివి! కూర్చోమనకుండానే నా నోరు మూయించారు. నేనూ ఎప్పటిలాగే ఏడుస్తానని అనుకుని ఉంటారు. కానీ ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ప్రార్థన చేయమన్నారు కాబట్టి చేశాను.

"దేవా, ఈ పెండ్లి నాకొద్దు. నా మనసు ఆడపిల్లల మీదనే పోతది. పన్నెండేండ్లప్పటి సంది నీకే చెప్తున్న, నువ్వు మార్చలే. నీ ముందల అబద్ధమాడి ఆ పిలగాని బతుకు ఆగం జెయ్యలేను. ఆయన మంచోడు. మా అమ్మకు ఏం తెల్వదు, ఆమెను ఎవ్వరు ఏమనకుండ సూడు."

కొంగు వదులైంది. అమ్మ చెయ్యి తీసేసింది.

చెప్పాల్సింది అయిపోయింది. తలలింకా వంగే ఉన్నాయి. ఒక్క ఆమెన్ కూడా రాలేదు. నా ప్రతి ప్రార్థనకూ ఆమెన్ అనే హాలు అది. ఎవరో ఒకరు అనకపోతే ప్రార్థన ముగియదు, ఎవరూ కళ్లు తెరవరు. అమ్మ వైపు చూశాను. అమ్మ పెదాలు బిగబట్టి, కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది.

"ఆమెన్" అని నేనే అన్నాను.