అన్నను అడగని మాట

ఎలుమలైని ఎవరు ఏమడిగినా జవాబు చెల్లెలు సుగంధి నోట్లోంచే వచ్చేది. టీలో చక్కెర ఎంత, చొక్కా రంగేంటి, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ ఆమే చెప్పాలి. పాపం, చెప్పక ఏం చేస్తుంది! పలక మీద అక్షరాలు దిద్దుకున్నాక ఎలుమలైకి చూపు పోయింది. బ్రెయిలీ నేర్చుకుని బడి ముగించాడు. ఇరవై దాటాక జ్వరమొచ్చి చెవులూ పోయాయి. మాట మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ళు చెప్పింది అతనికి చేరాలంటే ఎవరో ఒకరు అరచేతిలో వేలితో రాయాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ సుగంధే. తిరువళ్ళూరు దగ్గర బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, ఇంట్లో వంట, మధ్యలో ఈ రాత. అంతా రాస్తూ కూర్చుంటే అయినట్టే! అందుకని సగం రాసేది, సగం తనే తేల్చేసేది.

తిరుత్తణి కొండ కింద సరసమ్మ పూలంగట్లో ఎలుమలై మాలలు కడతాడు. అతను వేసిన ముడి జారదని పేరు. కిందటేడు సరసమ్మ, "స్టేషన్ కాడ ఇంకో అంగడి పెడతాండా పాపా. మీ అన్న చూసుకుంటాడేమో అడుగు" అంది. సుగంధి అడగలేదు. "అన్నకేంటికక్కా ఆ పాట్లు, ఉండే పని చాల్లే" అని అక్కడే కొట్టిపారేసింది.

ఈ ఏడు తిరువళ్ళూరులో అరవిందన్ అనే ఇంజనీరు వీళ్ళను పిలిపించాడు. చూపులేనివాళ్ళ కోసం జేబులో పట్టే బ్రెయిలీ పరికరం చేశాడు. ఫోనుకొచ్చిన మెసేజి దాని మీద చుక్కలుగా లేస్తుంది, వేలితో తడిమి చదువుకోవచ్చు. చెవులు కూడా వినబడనివాళ్ళకు అది పనికొస్తుందో లేదో తెలుసుకోవాలని, కొందరికి ఇంటికిచ్చి పంపి కొన్నాళ్ళు వాడి చూడమంటున్నాడు. వేలికింద చుక్కలు లేవగానే ఎలుమలై పకపకా నవ్వాడు. "సుగంధీ, ఇంక నీ వేలికి రెస్టు!" అన్నాడు.

"మెసేజి వస్తే బీప్ కొడుతుంది. ఆయనకు అది సరిపోతుందా? కొంచెం అడిగి చెప్పండి" అన్నాడు అరవిందన్.

సుగంధి గోడ గడియారం వైపు చూసింది. షిఫ్టుకు టైమైపోతోంది. బీప్ బాగానే వినిపించింది, ఆమెకి! "సూపరుగా ఉండాది సార్" అనేసింది.

"ఏమంటాండాడు?" అంటూ ఎలుమలై అరచెయ్యి చాపాడు.

"ఏమీ లేదు" అని రాసి అతన్ని లేవదీసింది.

కొండమీది స్వామికి ఆడికృత్తిక పండగ వచ్చింది. తిరుత్తణి అంతా మొక్కు కావళ్ళు, జనం. రోజూ సాయంత్రం రైల్లో వచ్చి అన్నను ఇంటికి తీసుకుపోయే సుగంధిని ఆ రోజు సూపర్‌వైజరు కదలనివ్వలేదు. "సరసమ్మక్క ఆటో పిలుస్తుంది, ఎక్కి ఇంటికి పో" అని మెసేజి పెట్టి, సరసమ్మకు ఫోను చేసింది. పరికరం ఎలుమలై చొక్కా జేబులో బీప్ కొట్టింది. ఎవరికి వినబడాలి? సరసమ్మ ఆటోనైతే పిలిచింది గానీ, మళ్ళీ బేరాల్లో మునిగిపోయింది. ఆటోవాడొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో తెలియని మనిషి తొక్కిడిలో ఈడ్చుకుపోతున్నాడనుకుని ఎలుమలై విదిలించుకున్నాడు. మెట్టు తప్పి బోర్లా పడ్డాడు. ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నా అక్కణ్ణించి కదల్లేదు.

సుగంధి వచ్చేసరికి మణికట్టు వాచి, వానకు తడిసి, బురదైన మాల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ముందే జెప్పుంటే పొయ్యుందును గదా సుగంధీ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

"మెసేజి పెట్టినానన్నా" అని రాయబోయింది. జేబులో పరికరం మళ్ళీ కుయ్యిమంది. అరవిందన్ అడిగిన మాట ఆమెకు గుర్తొచ్చింది. వేలు అక్కడే ఆగిపోయింది. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. అన్న చేతికట్టు చూసినప్పుడల్లా తన నోరు తనే కుట్టేసుకోవాలనిపించేది.

కొన్నాళ్ళకు అరవిందన్ మళ్ళీ పిలిచాడు. ఇదే ఆఖరు, ఇప్పుడు చెప్పిన మార్పులతోనే తయారీకి పోతుందన్నాడు. బీప్ వద్దని తనే మెల్లగా చెప్పేస్తే పరికరం బాగుపడుతుంది, అన్నకు ఏమీ తెలియనక్కర్లేదు. రైలు దిగేదాకా సుగంధి అదే అనుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు అరవిందన్.

సుగంధి నోరు తెరిచింది. పక్కన ఎలుమలై ఎప్పటిలాగే అరచెయ్యి చాపి కాచుకుని ఉన్నాడు. ఛీ, మళ్ళీ అదే పని! నోరు మూసుకుని, ఆ అరచేతిలో రాసింది. "బీప్ నీకు సరిపోతుందా అని పోయినసారి ఈ సారు అడిగినాడు. నిన్ను అడక్కుండానే బాగుందని చెప్పేసినా. నువ్వు పడింది నా వల్లేనన్నా."

ఎలుమలై, అరవిందన్ అటున్నాడనుకుని గోడవైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "మెసేజొస్తే అది వణకాల సార్. ఒంటికి తగిలేట్టు చేతికి కట్టుకునే పట్టీ ఉండాల. చార్జి అయిపోతే గూడా అట్నే తెలియాల." అరవిందన్ రాసుకున్నాడు.

ఎలుమలై చెల్లెలి వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ నన్ను ఇంకా ఏమేం అడిగినారు సుగంధీ?"

ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు. అరచెయ్యి ఇంకా చాచే ఉంది. దాని మీద వేలు పెట్టి, స్టేషన్ దగ్గర సరసమ్మ పెడతానన్న అంగడి మాట రాయడం మొదలుపెట్టింది.