నల్లబడ్డ తెర, నవ్విన గంగవ్వ

ఎనభైల చివర్లో బాన్సువాడలో ఒక బడిలో సైన్సు టీచరుగా చేసేదాన్ని. బడికి కంప్యూటరు వచ్చింది. పది రోజుల శిక్షణ పొందిన నేనే దానికి దిక్కు.

మొదటి రోజు చూడటానికి బీర్కూరు నుంచి కూడా తల్లిదండ్రులు వచ్చారు. మీట నొక్కగానే తెరపై అక్షరాలు వెలిగాయి. గర్వంగా అందరి వైపు తిరిగాను. అంతలోనే తెర నల్లబడింది. ఆపి మళ్లీ వేసినా నలుపే.

"ఏందమ్మా, ఖరాబైందా?" అన్నారు హెడ్మాస్టరు.

"లోపల ఏదో కాలిపోయింది సార్" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

గదులు ఊడ్చే గంగవ్వ నవ్వింది. "ఏం కాలలే టీచరమ్మా. నువ్వు తిరిగినప్పుడు గా వైరు నీ కొంగుకు సుట్టుకొని ఊడొచ్చింది, సూడు!"

వైరు బిగించగానే తెర వెలిగింది. గంగవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, తెరపై ఆమె పేరు కొట్టి, ఇది నీ పేరే అని చూపించాను. చదువురాని గంగవ్వ "గిది నేనేనా?" అంటూ ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఆ వేలు నాకింకా గుర్తుంది.